చందా వేరు, విరాళం వేరు

ప్రశ్న: మా సేవా క్లబ్బులో సభ్యుల చందాలను, కంటి శిబిరం కోసం ఊరివారిచ్చిన విరాళాలను ఒకే బ్యాంకు ఖాతాలో వేస్తున్నారు, నెలవారీ సమావేశంలో భోజనాల ఖర్చు కూడా అందులోంచే పోతోంది. ఇది సబబేనా?
– ఒక సభ్యుడు, చిత్తూరు

జవాబు: సబబు కాదు. లయన్స్ క్లబ్బుల నియమాల ప్రకారం పరిపాలనా నిధి, సేవా నిధి వేర్వేరుగా ఉండాలి. ప్రజల నుంచి సేకరించిన సొమ్ము తిరిగి ప్రజాసేవకే చెందాలి గనుక, హాలు అద్దె, భోజనాలు, పూలదండలు (వీటి ఖర్చు సంగతి మీకు చెప్పనక్కర్లేదు) సభ్యుల చందాలతోనే సరిపెట్టుకోవాలి. మీది వేరే క్లబ్బయినా ఇదే పద్ధతి మేలు. ఇప్పటికే కలిసిపోయిన మొత్తాన్ని రసీదు పుస్తకాలతో సరిచూసి, భోజనాలకు వాడిన విరాళాల సొమ్మంతా చందాల నుంచి కొత్తగా తెరిచే సేవా ఖాతాకు జమ చేయాలని కార్యవర్గంలో తీర్మానించి, మినిట్స్ పుస్తకంలో రాయించండి. చెక్కులపై ఇద్దరి సంతకాలుండాలి. కొత్త కార్యవర్గం (లయన్స్ క్లబ్బుల్లో అయితే జూలై 1న) వచ్చేలోగా ఇది ముగిస్తే, కొత్త కోశాధికారికి పాత చిక్కు అంటదు.