జపాన్ అన్నం వంటకం సుషీ పక్కన పెట్టే ఆకుపచ్చ ముద్ద నిజమైన వసాబీయేనా?

చాలావరకు కాదు, గచ్చిబౌలి, కొండాపూర్ వైపు జపనీస్ రెస్టారెంట్లలోనైనా, మరెక్కడైనా అది సాధారణంగా హార్స్‌రాడిష్ అనే వేరు పొడిలో ఆవపిండి, రంగు కలిపి చేసినదే. అసలు వసాబీ అనే మొక్క చల్లని పారే నీటిలో పెరుగుతుంది, చేతికి రావడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. తురిమిన పావుగంటలోనే ఘాటు తగ్గడం మొదలవుతుంది. అందుకే అంత ఖరీదు. జపాన్‌లోనూ చాలాచోట్ల నకలుతోనే సరిపెడతారు. అలాగని పూర్తి మోసమూ కాదు. రెండింటి ఘాటుకూ మూలం అల్లైల్ ఐసోథయోసయనేట్ అనే ఒకే పదార్థం. ఆవకాయ కలిపేటప్పుడు ముక్కుకెక్కేదీ ఇదే. ఈ ముద్దను పచ్చిమిర్చి పచ్చడి అనుకొని దండిగా అద్దుకోవడమే అసలు పొరపాటు. మిరప కారం నాలుకను వదలదు. ఇది ఆవిరై ముక్కులోకి కొట్టి, కాసేపట్లో దిగిపోతుంది.