టెక్సస్‌లో ఎమ్మెస్‌కి నెలకి నిజంగా ఎంత అవుతుంది? ఆర్లింగ్టన్‌లో రెండేళ్లు ఉన్న అనుభవంతో చెప్తున్నా

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇది కదా: ఆర్లింగ్టన్‌లో ఎమ్మెస్‌కి వస్తున్నా, ఫీజు పోను చేతిలో రెండున్నర లక్షలు ఉంటాయి, మిగతాది పార్ట్ టైమ్ చేసుకుని నెట్టుకొచ్చేయొచ్చా, నాన్న పొలం తనఖా పెట్టి 20 లక్షలు లోన్ తీశారు, ఇంక అడగలేను అని. ఆ చివరి మాట చదివాక ఊరుకోలేక రాస్తున్నా. నేను ఖమ్మం నుంచి 2022 ఆగస్టులో అక్కడికే వెళ్లా, 2024 మేలో అయిపోయింది, మా ఇంట్లో కూడా అప్పు మీదే పంపారు.

ముందు నెల లెక్క చెప్తా. రెండు బెడ్‌రూమ్‌ల అపార్ట్‌మెంట్‌లో నలుగురు అమ్మాయిలం, రెంట్ 1360, అంటే మనిషికి 340 డాలర్లు, కరెంట్ ఇంటర్నెట్ నీళ్లు కలిపి 65 నుంచి 80, గ్రోసరీకి 150, నలుగురం కలిసి తీసుకున్న ఫోన్ ప్లాన్‌లో నా వాటా 20, మిగతా చిల్లర ఖర్చులు ఓ వంద, మొత్తం 700 లోపే అయ్యేది. ఇప్పుడు రెంట్లు పెరిగాయి కాబట్టి 800, 850 అనుకో. ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఫామ్) మీద లివింగ్ ఎక్స్‌పెన్సెస్ అని ఇంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది, అది యూనివర్సిటీ వాళ్లు వేసే అంచనా, రూమ్ షేర్ చేసుకుంటే అంత అవ్వదు, అది చూసి భయపడకు.

కానీ ఈ 800 దగ్గరే అందరూ లెక్క ఆపేస్తారు, నేనూ అక్కడే ఆపా. ఇంటి దగ్గర వడ్డీ ఎవరు కడుతున్నారు? 20 లక్షల మీద 11 శాతం అనుకున్నా నెలకి 18,300 రూపాయలు, అంటే రెండొందల డాలర్ల పైనే. అది నీ అకౌంట్‌లోంచి పోదు కాబట్టి నీకు కనపడదు, నాన్నకి కనపడుతుంది. నీ నెల ఖర్చు వెయ్యి డాలర్లు అని ఇప్పుడే రాసుకో. పైగా నేను వెళ్లినప్పుడు డాలర్ 80 రూపాయల లోపు ఉండేది, బయటికి వచ్చేసరికి 83 దాటింది, అదే సెమిస్టర్ ఫీజు ప్రతిసారీ ఇంకొంచెం ఎక్కువ రూపాయలు అడుగుతుంది, లోన్ మాత్రం రూపాయల్లో ఎంత శాంక్షన్ అయిందో అంతే.

రెండోది మొదటి మూడు నెలలు. నేను ఆగస్టులో దిగిన రోజు నుంచి నెలాఖరు దాకా పెట్టింది ఇది: డిపాజిట్‌లో నా వాటా 300 (మాకెవరికీ సోషల్ సెక్యూరిటీ నంబర్, అంటే అక్కడి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబర్, లేదని మామూలు కంటే ఎక్కువ అడిగారు), అప్లికేషన్ ఫీజు అడ్మిన్ ఫీజు కలిపి 90, మొదటి నెల రెంట్ 340, కరెంట్ డిపాజిట్ వాటా 50, పరుపు 120, గిన్నెలు బియ్యం పప్పులు ఉప్పులు కలిపి 200, సిమ్ 40. 1140 డాలర్లు, ఒక్క నెలలో. క్యాంపస్ జాబ్ అక్టోబర్‌లో దొరికింది, తర్వాత సోషల్ సెక్యూరిటీ నంబర్‌కి అప్లై చేసి అది వచ్చి మొదటి జీతం చేతికొచ్చేసరికి నవంబర్. అంటే రూపాయి రాబడి లేకుండా రెండున్నర వేల డాలర్లు అయ్యాయి, అది కూడా నాకు జాబ్ త్వరగా దొరికింది కాబట్టి. నా రూమ్మేట్‌కి ఐదు నెలలు పట్టింది, క్లాసుకి వెళ్తూ రోజూ డైనింగ్ హాల్‌లో లైబ్రరీలో అడుగుతూనే ఉండేది పాపం. నీ రెండున్నర లక్షలు ఇప్పటి రేటుకి మూడు వేల డాలర్లు కూడా రావు, అందుకే సరిపోతాయి అని చెప్పలేకపోతున్నా. ఇంకో లక్ష, లక్షన్నర ఎలాగైనా చూసుకో.

జాబ్ లెక్క కూడా విను. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద క్లాసులు నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే, టెక్సస్‌లో కనీస వేతనం గంటకి 7.25 డాలర్లు, నాకు 9 ఇచ్చారు, చేతికి నెలకి 700 వరకు వచ్చేది, కానీ డిసెంబర్ సెలవుల్లో షిఫ్టులే ఉండవు. టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు, ఎఫ్-1 వాళ్లకి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు ఉండవు, జీతంలో అవి కట్ అయితే వెంటనే పేరోల్ వాళ్లని అడుగు. ఇంకా ఇండియా అమెరికా టాక్స్ ట్రీటీ వల్ల మన స్టూడెంట్స్‌కి స్టాండర్డ్ డిడక్షన్ (అంత ఆదాయం దాకా టాక్స్ పడదు) వస్తుంది, వేరే చాలా దేశాల స్టూడెంట్స్‌కి అది లేదు, 2024కి అది 14,600 డాలర్లు, క్యాంపస్ జాబ్‌తో అంత సంపాదించవు కాబట్టి కట్ చేసిన ఫెడరల్ టాక్స్ తిరిగి వస్తుంది. టాక్స్ రిటర్న్ 1040-ఎన్ఆర్ అనే ఫామ్‌లో ఫైల్ చేయాలి, దాంతో పాటు 8843 ఫామ్, జీతం లేకపోయినా 8843 పెట్టాలి.

బయట గ్యాస్ స్టేషన్‌లో, రెస్టారెంట్‌లో క్యాష్‌కి చేస్తే అని నీకు ఎవరో ఒకరు చెప్తారు. వద్దు. పట్టుబడితే పోయేది ఆ నెల జీతం కాదు, స్టూడెంట్ వీసా స్టేటస్ పోతుంది, నాన్న పొలం పెట్టింది దానికోసమే కదా. అవసరం ఎంత పీకల మీదకి వస్తుందో నాకు తెలుసు, తెలిసే చెప్తున్నా.

ఆర్లింగ్టన్‌లో సిటీ బస్సులు ఉండవు, వయా అని ఫోన్‌లో బుక్ చేసుకునే షేర్డ్ వ్యాన్లు ఉంటాయి. క్యాంపస్‌కి నడిచి వెళ్లేంత దగ్గర్లో ఉంటే రెంట్ 40 డాలర్లు ఎక్కువైనా అదే తీసుకో, దూరంలో చవగ్గా దొరికిందని వెళ్లినవాళ్లు మూడో నెలకల్లా కారు కొన్నారు, ఆ కారుకి ఇన్సూరెన్సే నెలకి 150 కట్టారు.

లీజ్ విషయంలో జాగ్రత్త. నలుగురు సైన్ చేస్తే నలుగురిదీ ఉమ్మడి బాధ్యత అని దాదాపు అన్ని లీజుల్లో ఉంటుంది, ఒకరు కట్టకపోతే మిగతా ముగ్గురినీ అడుగుతారు. 2023 మేలో మాలో ఒకమ్మాయికి కాలిఫోర్నియాలో ఇంటర్న్‌షిప్ వచ్చి వెళ్లిపోయింది, సబ్‌లీజ్‌కి, అంటే తన బదులు అద్దె కట్టి ఉండటానికి, ఎవరూ దొరకలేదు, రెండు నెలలు ఆ 340 మేం ముగ్గురం పంచుకున్నాం. ఆ అమ్మాయి తర్వాత మొత్తం పంపేసింది, కానీ ఆ రెండు నెలలు నేను ఇంటికి ఫోన్ చేసి డబ్బులు అడిగిన నెలలు. సమ్మర్‌లో ఎవరైనా వెళ్తే వాటా ఎవరు కట్టాలి అని ముందే వాట్సాప్‌లో రాతపూర్వకంగా అనుకోండి, స్నేహం చెడదు.

కరెంట్ గురించి కాస్త ఎక్కువ చెప్తా, ఎందుకంటే ఇది ఎవరూ చెప్పరు. మన దగ్గరలా ఒకే డిస్కం ఉండదు, ఆర్లింగ్టన్‌లో కంపెనీని మనమే ఎంచుకోవాలి, పవర్ టు చూజ్ అని స్టేట్ యుటిలిటీ కమిషన్ వాళ్ల సైట్ ఉంది. అందులో అన్నిటికన్నా తక్కువ రేటు చూసి తీసుకున్నాం. నెలకి 1000 యూనిట్లు దాటితే వంద డాలర్లు తగ్గించే ప్లాన్ అది, దాటకపోతే పైసా తగ్గదు, ఆ తక్కువ రేటు కరెక్ట్‌గా 1000 యూనిట్ల దగ్గర మాత్రమే. సెప్టెంబర్‌లో ఏసీ ఆడించి 1100 యూనిట్లకి 92 కట్టాం, నవంబర్‌లో ఏసీ ఆపేసి 700 యూనిట్లకి 122 కట్టాం. ప్రతి ప్లాన్‌కి ఎలక్ట్రిసిటీ ఫాక్ట్స్ లేబుల్ అని ఉంటుంది, అందులో 500, 1000, 2000 యూనిట్లకి మూడు రేట్లు ఇస్తారు, మూడూ దగ్గర దగ్గరగా ఉన్న ప్లాన్ తీసుకో.

తిండికి ఎక్కువ బెంగ అక్కర్లేదు, వంట టర్నులు వేసుకుంటే 150కి హాయిగా జరుగుతుంది. 2023 జులై 20న ఇండియా బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు మాత్రం డాలస్ చుట్టుపక్కల స్టోర్లలో సోనా మసూరి కోసం క్యూలు కట్టారు, మనిషికి ఒకటే సంచి అన్నారు, మేం నెల రోజులు లాంగ్ గ్రెయిన్ రైస్ తిన్నాం, పెరుగన్నానికి అస్సలు బాగోదు.

ఆరోగ్యం ఖర్చే అసలు దెబ్బ. పళ్లు ఇండియాలోనే చూపించుకుని వెళ్లు, స్టూడెంట్ ఇన్సూరెన్స్‌లో మామూలుగా పళ్లు ఉండవు, అక్కడ రూట్ కెనాల్, క్యాప్ కలిపితే వెయ్యి డాలర్లు దాటుతుంది. కళ్లజోళ్లు రెండు తీసుకెళ్లు. 22 ఏళ్లు నిండకపోతే టెక్సస్‌లో మెనింజైటిస్ టీకా తప్పనిసరి, అదీ ఇండియాలోనే వేయించుకో. నా రూమ్మేట్‌కి రాత్రి కడుపునొప్పి వస్తే భయపడి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం, గ్యాస్ అని పంపించేశారు, ఇన్సూరెన్స్ పోను 2300 డాలర్ల బిల్లు వచ్చింది. ఆ పిల్ల రెండు రోజులు అన్నం తినలేదు, ఇంట్లో చెప్పలేదు. తర్వాత ఒక సీనియర్ చెప్తే తెలిసింది, లాభాపేక్ష లేని హాస్పిటళ్లు ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకి ఫైనాన్షియల్ అసిస్టెన్స్ పాలసీ పెట్టాలని చట్టమే ఉందట, ఫామ్ నింపి బ్యాంక్ స్టేట్‌మెంట్లు పెడితే 900కి తగ్గించారు. ప్రాణం మీదకి వస్తే ఎమర్జెన్సీకే వెళ్లాలి, అందులో ఆలోచన వద్దు, మామూలు జ్వరాలకి మాత్రం క్యాంపస్ హెల్త్ సెంటర్, అది మూసేస్తే అర్జెంట్ కేర్ అనే బయటి క్లినిక్.

ఇంకొక్కటి, ఫీజు గురించి నువ్వు అడగలేదు గానీ చెప్తా. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ సంవత్సరానికి కనీసం వెయ్యి డాలర్లది వస్తే, రూల్స్ ప్రకారం ఇన్-స్టేట్ ఫీజు రేటు (ఆ రాష్ట్రం వాళ్లకి ఉండే తక్కువ ఫీజు) ఇచ్చే వీలుంది, వచ్చే తేడా ఆ వెయ్యి కన్నా చాలా ఎక్కువ. డిపార్ట్‌మెంట్‌కి ఇప్పుడే మెయిల్ పెట్టి డెడ్‌లైన్ కనుక్కో. డబ్బు పంపేటప్పుడు 2025 ఏప్రిల్ నుంచి బ్యాంక్ ఎడ్యుకేషన్ లోన్ డబ్బుకి టీసీఎస్ (విదేశానికి పంపేటప్పుడు బ్యాంక్ ముందే పట్టుకునే టాక్స్) లేదు, సొంత డబ్బు ఏడాదికి 10 లక్షలు దాటితేనే, అది కూడా రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుంది.

ఈ లెక్కంతా ఒక కాగితం మీద వేసి నాన్న పక్కన కూర్చుని చూపించు. నేను చూపించలేదు, నాలుగు నెలల తర్వాత ఫోన్‌లో అడిగితే ఆయన సరే అని ఒక్క మాట అని పెట్టేశారు, ఆ డబ్బు ఎక్కడ తెచ్చారో నాకు ఇప్పటికీ చెప్పలేదు. లీజ్ పేపర్ వచ్చాక సైన్ చేసేముందు పేర్లు, అడ్రస్ కొట్టేసి ఇక్కడ పెట్టు, చదివి ఏ క్లాజ్ అడగాలో చెప్తా.