కలిసి నవ్విన మనిషి చర్చికెళ్తున్నారు

ప్రశ్న: మాది గుంటూరు. ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టర్ పెళ్లి చేసుకున్నాం. మా ఆయన లెక్చరర్, చదువుకునే రోజుల నుంచీ హేతువాది. పూజలనీ ప్రార్థనలనీ చూసి ఇద్దరం నవ్వుకునేవాళ్లం. రెండేళ్ల కిందట మా మరిది కేన్సర్‌తో పోయాడు. మొన్న స్కూటర్ డిక్కీలో పెన్సిల్ గీతలు పెట్టిన బైబిల్ కనిపించింది. అడిగితే, ఏడాదిగా ట్యూషనని చెప్పి వెళ్తున్నది చర్చికేనని, వచ్చే నెల బాప్తిస్మం తీసుకుంటానని చెప్పారు. నాకు నిద్ర పట్టడం లేదు. బ్రెయిన్‌వాష్ చేశారేమో! ఎనిమిదో తరగతి చదివే పాప ఉంది. విడిపోవాలా?
- ఒక సోదరి

జవాబు: అమ్మా, మీకు ఎక్కువ గుచ్చుకున్నది ఆ ట్యూషన్ అబద్ధమేనని నాకనిపిస్తోంది. గుచ్చుకోవడంలో తప్పేమీ లేదు. తమ్ముడు పోయిన దుఃఖంలో ఆయన ఏదో వెతుక్కున్నారు. మీరిద్దరూ నవ్వుకున్న ఇంట్లోనే ఆ సంగతి చెప్పడానికి నోరు పెగల్లేదు. దాచడం తప్పే, ఆ మాట ఆయనతో గట్టిగానే అనండి. దేవుడు ఉన్నాడా లేడా అన్న తగువును మాత్రం అందులో కలపకండి.

బ్రెయిన్‌వాష్ అని ముందే తీర్పు ఇచ్చేయొద్దు. బాగా చదువుకున్న నాస్తికులు విశ్వాసులైన సందర్భాలు కొత్తవేమీ కావు. బ్రిటిష్ రచయిత సి.ఎస్. లూయిస్‌కు తొమ్మిదేళ్లప్పుడు తల్లి కేన్సర్‌తో పోయింది. కుర్రతనంలోనే నాస్తికుడై, ఆక్స్‌ఫర్డ్‌లో సాహిత్యం బోధిస్తూ, 1931లో క్రైస్తవుడయ్యాడు. అందులో ఓ రాత్రి స్నేహితులతో నడుస్తూ చేసిన చర్చకు పెద్ద పాత్ర ఉంది. అమెరికాలో లీ స్ట్రోబెల్ ఇల్లు మీ ఇంటికి తలకిందులు. 1979లో భార్య విశ్వాసి అయితే, షికాగో ట్రిబ్యూన్ విలేకరి అయిన ఆయన మండిపడి, అదంతా తప్పని తేల్చాలని బయల్దేరి, 1981లో తానే విశ్వాసి అయ్యాడు. ఆ అన్వేషణ గురించి ఆయన రాసిన 'ద కేస్ ఫర్ క్రైస్ట్' పుస్తకం రేపో మాపో మీ చేతికి వస్తుందనుకుంటా. అందులోని ఆధారాలు నిలుస్తాయా అన్న వాదన పండితుల మధ్యే తెగలేదు, మీ భోజనాల బల్ల దగ్గర తెగదు.

మీకు ఇంకా దగ్గరి కథ మరాఠీ కవి నారాయణ్ వామన్ తిలక్‌ది. బ్రాహ్మణుడైన ఆయన 1895లో బొంబాయిలో బాప్తిస్మం తీసుకున్నారు. భార్య లక్ష్మీబాయి కుప్పకూలిపోయారు. కొన్నేళ్లు ఇద్దరూ వేరుగా ఉన్నారు. తర్వాత ఆమె భర్త దగ్గరికి వచ్చినా, మొదట్లో తన మడి, తన వంట తనవే. చివరికి 1900లో ఆమె కూడా మతం మారారు. మీరూ మారతారనో మారాలనో ఈ కథ చెప్పడం లేదు. తన మడి వదలకుండానే ఆమె ఆ ఇంట్లో ఉండగలిగారు, అది చూడండి.

పాప లేని ఓ సాయంత్రం ఆ బైబిల్‌ను మీరే ఆయన ముందు పెట్టండి. ఏ వాక్యాల కింద గీతలు పెట్టారు, అప్పుడు ఏం జరుగుతోంది అని అడగండి. బహుశా తమ్ముడి గురించి ఆయన ఇన్నాళ్లూ మీతో అనని మాటలు అక్కడ బయటపడతాయి. మధ్యలో ఎదురు వాదన వద్దు. తర్వాత మీ వంతు. ఏడాది పాటు మోసపోయానన్న బాధంతా చెప్పండి.

ఆ తర్వాత లెక్కలు. బాప్తిస్మం రెండు మూడు నెలలు వాయిదా వేయమని అడగొచ్చు. పాప చర్చికి వెళ్తానంటే వెళ్లనివ్వండి, వద్దంటే బలవంతం కూడదు. మీరెందుకు నమ్మరో కూడా తనకు చెప్పండి. దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు, చర్చికి ఇస్తారా, ఇస్తే ఎవరి జీతంలోంచి? ఇంట్లో ప్రార్థన కూటాలు పెడతారా? ఇవన్నీ ముందే తేల్చుకోండి. జబ్బు చేస్తే మందులు మానేసి ప్రార్థనే చాలనే ధోరణి కనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఊరుకోకండి.

నమ్మని భార్యను వదిలేయమని ఎవరైనా నూరిపోస్తే, బైబిల్‌లో కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయం తీసి చూపించండి. కాపురం చేయడానికి ఇష్టపడే అవిశ్వాసి భార్యను విడిచిపెట్టొద్దని 12వ వచనంలో పౌలే రాశాడు. చట్టం సంగతికొస్తే, మీ పెళ్లి జరిగిన చట్టంలో మతం మారడం విడాకులకు కారణం కాదు. మీ కులం రాయలేదు. ఆయన ఎస్సీ అయితే, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్నవారికి ఆ హోదా ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో వారు బీసీ-సీ కిందికి వస్తారు. ఉద్యోగం, పాప చదువు దీనితో ముడిపడి ఉంటాయి కాబట్టి బాప్తిస్మానికి ముందే లాయర్‌ను కలవండి.

విడిపోవడం గురించి ఇప్పుడే నిర్ణయం వద్దు. నిద్ర లేమి ఇలాగే సాగితే మాత్రం డాక్టర్‌ను కలవండి.

ఇంకో మాట. ఒకప్పటి నాస్తికుడి సాక్ష్యమంటే చర్చిల్లో గిరాకీ ఎక్కువ. ఆయన్ను త్వరలోనే మైకు ముందు నిలబెడతారు. తన కథ ఎంతైనా చెప్పుకోమనండి. "నేనూ నా భార్యా దేవుణ్ణి ఎగతాళి చేసేవాళ్లం" అని మీ సంగతి మాత్రం మీ అనుమతి లేకుండా ఎత్తనని ఇప్పుడే మాట తీసుకోండి.