మా ఇంటికి రాబోయే కోడలికి

అమ్మా,

నీ ఉత్తరం అందింది. మన పెళ్లి తంతులు, ఉపవాసాలు అన్నీ వరసగా రాసి పంపమన్నావు. వీడియోలు చూసి బెంగ పెట్టుకోకు. ఇక్కడ విజయనగరంలో ఒక్క వీధిలోనే ఇంటికో ఆనవాయితీ. ఒక తల్లి పిల్లలమే అయినా మా ఇంట్లో చెల్లేది మా చెల్లెలింట్లో చెల్లదు. ఏదైనా ముందు మీ అత్తని అడిగి, ఆ తర్వాతే మొదలుపెట్టు.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది కన్యాదానం. మీ అమ్మా నాన్నా పీటల మీద కూర్చుని పెళ్లికొడుకు కాళ్లు కడగాలి. మీరు క్రైస్తవులు కదా, చర్చికెళ్లే మీ నాన్నకి అది మనసొప్పకపోవచ్చు. పందిట్లో పదిమంది ముందు ఆయన తటపటాయించే పరిస్థితి రానివ్వకు. ఇప్పుడే, ఇంట్లోనే, నెమ్మదిగా అడుగు. వద్దంటే మా వైపు దంపతులెవరో నిన్ను కూతురనుకుని కూర్చుంటారు. పుస్తెలు రెండుంటాయి, పుట్టింటిదొకటి, అత్తింటిదొకటి. ఆ సంగతీ అప్పుడే మాట్లాడుకోండి. మీవాళ్లు చేయించలేమన్నా ఎవరూ ఏమీ అనుకోరు. అనుకునేవాళ్లుంటే వాళ్ల సంగతి నేను చూసుకుంటాను.

ముహూర్తమంటే తాళి కట్టే వేళ అనుకుంటున్నావేమో, కాదు. జీలకర్ర బెల్లం పెట్టే వేళే సుముహూర్తం. మధ్యలో తెర పట్టుకుంటారు. తమలపాకులో పెట్టిన ముద్దని అతని నడినెత్తిన నువ్వు, నీ నడినెత్తిన అతను అదిమి పట్టుకోవాలి. బాజాలు ఒక్కసారిగా హోరెత్తుతాయి, ఉలిక్కిపడి చెయ్యి తీసెయ్యకు. ముద్ద పల్చగా ఉంటే కణతల మీదకి కారి చిరాకు పెడుతుంది (గట్టిగా నూరమని నేనే దగ్గరుండి చెప్తాలే). తెర దించగానే ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. సరిగ్గా అప్పుడే కెమెరా అబ్బాయి ఇటు చూడమంటాడు, వినకు.

తలంబ్రాలు నీకెవరూ నేర్పక్కర్లేదు. సప్తపది మాత్రం గబగబా నడిచెయ్యకు. మొదటి అడుగు అన్నానికి, రెండోది బలానికి, అలా ఏడూ నడిచాక మనం స్నేహితులమయ్యామని మంత్రం చెప్తుంది. తెలుగులో అర్థం చెప్పమంటే పంతులుగారు సంబరంగా చెప్తారు.

ఇక ఉపవాసం. ఈస్టర్‌కి ముందొచ్చే శ్రమదినాల్లో ఉపవాస ప్రార్థనలు చేసినదానివి, ఆకలి నీకు కొత్త కాదు. పెళ్లినాడు గౌరీపూజ చేసుకుని, ముహూర్తం అయ్యేదాకా పెళ్లికూతురు అన్నం ముట్టదు. మన ముహూర్తమేమో రాత్రిపూట. పట్టుచీరలో, ఆ లైట్ల వేడిలో ఎంత గట్టి పిల్లకైనా కళ్లు తిరుగుతాయి. పాలు, కొబ్బరినీళ్లు, అరటిపండు తప్పు కాదు, మొహమాటపడకుండా అడుగు. తర్వాత చేసే సత్యనారాయణ వ్రతానికి ప్రసాదం తినేదాకా ఇద్దరూ ఉండాలి. అది పూటలో తేలిపోతుంది.

కాపురానికొచ్చాక అట్లతద్ది వస్తుంది. తెల్లారకముందే తినేసి, చంద్రుణ్ని చూసేదాకా ఉండాలి. ఉయ్యాలలూగుతూ ఆడపిల్లలు సరదాగా గడిపేస్తారు, నీకూ నచ్చుతుంది. కార్తీక సోమవారాలు చుక్క కనిపించాక భోజనం. మీ అత్త ఆదివారాలు అరసవల్లి సూర్యనారాయణమూర్తిని తలుచుకుని ఒంటిపూట ఉంటుంది. అది తన మొక్కు, నీకు అంటదు. ఇష్టమైతే ఉండు, లేకపోతే హాయిగా తిను. మమ్మల్ని మెప్పించడానికి కడుపు మాడ్చుకుంటే మాత్రం నాకు కోపమొస్తుంది.

ఇంకో మాట, మర్చిపోకు. నువ్వు మతం మారడం లేదు కాబట్టి పీటల మీద పెళ్లి ఒక్కటీ చట్టానికి చాలదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది. మీరు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకోవాలి. దానికి 30 రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు కావాలి. నోటీసిచ్చే జిల్లాలో ఇద్దరిలో ఒకరైనా అప్పటికే 30 రోజులుగా ఉంటూ ఉండాలి. మావాడికి ఇలాంటివి పట్టవు, ఈ వారమే నువ్వే వెంటబడి కాగితాలు సిద్ధం చేయించు. సాక్షి సంతకానికి మీ పెద్దమావయ్య వస్తానన్నారు.

ఇట్లు,
మీ పెద్దత్త
విజయనగరం