వస్త్ర చరిత్ర చదవబోయే అమ్మాయికి

మైలాపూరు, చెన్నై

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీకు తరమణి కళాశాలలో సీటు వచ్చిందని మీ నాన్న ఫోనులో చెప్పాడు. వస్త్ర చరిత్ర ఒక పాఠంగా, నేటి ఫ్యాషన్ ఇంకొక పాఠంగా ఉన్నాయనీ, దేనితో మొదలుపెట్టాలో తోచడం లేదని నువ్వు అంటున్నావనీ కూడా చెప్పాడు. చేనేత ఎగుమతుల పనిలో చాలాకాలం గడిపినవాణ్ణి కాబట్టి నాకు తెలిసిన దారి రాస్తున్నాను.

సింధు నాగరికత నుంచి నేటి దాకా వరుసగా చదువుకుంటూ పోవద్దు. ఒక్క బట్టను ఎంచుకుని, అది ఎవరి మగ్గం మీద పుట్టి, ఎవరి చేతులు మారి, ఎవరి ఒంటి మీదికి చేరిందో చివరికంటా వెంబడించు. నన్నడిగితే మన చీరాల వైపు నేసి, ఈ రేవు నుంచి ఎగుమతి అయిన మద్రాసు గళ్ళ రుమాలును ఎంచుకోమంటాను. పేరుకు రుమాలే గాని, అది ఒంటికి చుట్టుకునే గళ్ళ నూలు గుడ్డ.

దాని కథ తెలియాలంటే ముందు ఈ ఊరి కథ తెలియాలి. 1639లో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ స్థలం సంపాదించింది ముఖ్యంగా ఈ తీరపు నూలు బట్టల కోసమే. 1734లో నేతపనివారి కోసమే చింతాద్రిపేటను వెలయించింది. ఒకసారి వెళ్ళి చూడు. ఇప్పుడక్కడ చేపల బజారు, బండ్ల విడిభాగాల దుకాణాలే కనిపిస్తాయి. కంపెనీ కాగితాలు ఎగ్మూరులోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో (ఆర్కైవ్స్‌లో) ఉన్నాయి. వాటిలో ధరలతో పాటు, బట్ట నాసిగా ఉందని తిప్పిపంపిన సందర్భాలు కూడా వెతుకు. నేతగాడి కష్టం అక్కడే బయటపడుతుంది.

మన రంగుల బట్టలకు గిరాకీ పెరిగి, తమ ఉన్ని, పట్టు నేతగాళ్ళు గగ్గోలు పెట్టడంతో ఇంగ్లండు 1700లో, మళ్ళీ 1721లో వాటిని నిషేధిస్తూ చట్టాలు చేసింది. ఫ్రాన్సు అంతకుముందే, 1686లోనే నిషేధించింది. అయితే ఇంగ్లండు చట్టం బట్టను దిగుమతి చేసుకుని బయటి దేశాలకు తిరిగి పంపడానికి అడ్డు చెప్పలేదు. ఆ సందులోంచే మన నూలు బట్టలు లండను గిడ్డంగుల మీదుగా పశ్చిమ ఆఫ్రికాకు చేరి, బానిసలను కొనే సరుకుల్లో ఒకటయ్యాయి. ఎగుమతుల వైభవం గురించి రాసేవాళ్ళు ఈ సంగతిని దాటవేస్తారు, నువ్వు దాటవేయకు.

పశ్చిమ ఆఫ్రికాలోనే, నైజీరియాలోని నైజర్ డెల్టాలో ఉండే కలబరి తెగ స్త్రీలు ఈ గళ్ళ గుడ్డను కొన్నది కొన్నట్టు కట్టుకోరు. ఎంచుకున్న పోగులను బ్లేడుతో కోసి, ఒక్కొక్కటే లాగివేసి, గళ్ళ మధ్య కొత్త నమూనా తీస్తారు. నేతగాడు ఊహించని బట్ట అక్కడ తయారవుతుంది. అందుకే ఫ్యాషన్ అంటే తయారుచేసినవాడి కథ మాత్రమే అనుకోవద్దు. 1960లలో అమెరికాలో, ఉతికినప్పుడల్లా రంగు దిగే మద్రాసు గళ్ళ చొక్కాకు ఆ రంగు దిగడమే గొప్ప గుణమని ప్రచారం చేసి అమ్మారు. ఎగుమతిదారుడిగా నాకు అది నేటికీ నవ్వు తెప్పించే విషయం.

ఇక నేటి సంగతి. కొన్ని రకాల బట్టలను చేనేతకే ప్రత్యేకిస్తూ 1985లో చట్టం వచ్చినా, మరమగ్గం బట్ట చేనేత పేరుతో దుకాణాల్లో ధారాళంగా దొరుకుతుంది. తేడా పట్టడం నేర్చుకో. బట్ట వెడల్పు తగ్గకుండా మగ్గం మీద బిగించే కర్రకు ఉండే మేకుల గుచ్చులు చేనేత బట్ట అంచుల పక్కన సన్నగా కనిపిస్తాయి. భూతద్దం పెట్టి అంగుళానికి పడుగు (నిలువు) పోగులెన్నో, పేక (అడ్డం) పోగులెన్నో లెక్కపెట్టు. కలంకారీ అయితే తిరగేసి చూడు: కరక్కాయ, పటికలతో పట్టించిన రంగు దారంలోకి ఇంకి వెనక్కు కూడా దిగుతుంది, స్క్రీన్ ప్రింటు రంగు చాలావరకు పైననే ఉండిపోతుంది.

సహజ రంగుల మీద ఈమధ్య వినిపించే ఊకదంపుడు ఉపన్యాసాలకు ఎక్కువ సమయం ఇవ్వవద్దు.

కాంచీపురం వెళ్ళినప్పుడు తెలుగులోనే పలకరించి చూడు. ఇంట్లో తెలుగు మాట్లాడే నేత కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. డిజైను గురించి తరువాత అడగవచ్చు. ముందు పట్టు దారం ఎవరిస్తారు, చీరకు కూలి ఎంత, పిల్లలు మగ్గం ఎక్కుతున్నారా అని అడుగు. ఫోటోలు వాళ్ళు సరేనన్న తరువాతే తియ్యి.

నా దగ్గర పాత శాంపిల్ ముక్కలు కొన్ని ఉన్నాయి. ఆదివారం వచ్చి తీసుకువెళ్ళు. వాటికి కుట్టిన చీటీలు మాత్రం ఊడదీయవద్దు, ధర, నేసిన ఊరు వాటి మీదే ఉన్నాయి.

ఇట్లు,
మీ పెదనాన్న