ఏఐ సాయంతో ఒక్కరే గేమ్ చేస్తే ఎక్కడ ఇరుక్కుంటారు?

కోడ్ రాయించడం తేలికే, అది మీ గేమ్ ఇంజిన్ (ఆట తయారుచేసే సాఫ్ట్‌వేర్) వెర్షన్‌కి సరిపోవడమే కష్టం. మీరు గొడో అనే ఇంజిన్‌లో 4వ వెర్షన్ వాడుతుంటే ఏఐ తరచూ పాత గొడో 3 కోడ్ ఇచ్చేస్తుంది: క్యారెక్టర్‌బాడీ2డీ బదులు కైనమాటిక్‌బాడీ2డీ, అవెయిట్ బదులు యీల్డ్ అనే పాత పేర్లు వాడుతుంది. పాత్రని కదిలించే మూవ్ అండ్ స్లైడ్ ఫంక్షన్‌కి (ఒక పని చేసే కోడ్ ముక్కకి) బ్రాకెట్లలో వేగం పంపితే 4లో ఎర్రరే. అక్కడ ఆ వేగాన్ని వెలాసిటీలో ముందే సెట్ చేసుకోవాలి. అందుకే ప్రతి ప్రాంప్ట్‌లో వెర్షన్ రాయండి, ఒక్కో ఫంక్షనే అడగండి, పనిచేసిన వెంటనే గిట్‌లో (కోడ్ మార్పులని భద్రపరిచే టూల్) కమిట్ కొట్టండి.

బొమ్మలది ఇంకో తలనొప్పి. నడకకి ఎనిమిది ఫ్రేములు అడిగితే చొక్కా గుండీలు ఫ్రేముకోలా మారిపోతాయి. ఒక్క ఫ్రేము తీసుకుని మిగతావి అసెప్రైట్ అనే పిక్సెల్ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో చేత్తో గీసుకోవడమే నయం.

ఆటలు అమ్మే స్టీమ్ స్టోర్‌లో పెట్టేటప్పుడు, ఆటలో ఏఐతో చేసిన బొమ్మలు, శబ్దాలు ఉంటే కంటెంట్ సర్వేలో (ఆటలో ఏముందో అడిగే ఫారంలో) చెప్పి తీరాలి. 100 డాలర్ల ఫీజు కట్టాక విడుదలకి 30 రోజులు ఆగాలి.