సున్నా చూపిస్తోంది... దిగొచ్చా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం గోతులు, ట్యాంకుల్లోకి దిగేవాళ్లు ఒంటికి తగిలించుకునే గ్యాస్ డిటెక్టర్ల గురించే.

ప్రశ్న: మా డిటెక్టర్ ఆన్ చేయగానే తనను తానే పరీక్షించుకుంటుంది. ఆక్సిజన్ 20.9 శాతం, మిగతా మూడూ (మండే గ్యాసులు, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్) సున్నా చూపిస్తుంది. అయినా రోజూ సిలిండర్ గ్యాస్ పెట్టి బంప్ టెస్ట్ చేయమంటున్నారు. గ్యాస్ దండగ కాదా?

జవాబు: కాదు. ఆన్ చేసినప్పుడు అది చూసుకునేది బ్యాటరీ, సర్క్యూట్, బజర్, లైట్లు. సెన్సర్ గ్యాస్‌ను పట్టగలదో లేదో గ్యాస్ తగిలితేనే తెలుస్తుంది. మంచి గాలిలో బాగున్న సెన్సరూ సున్నానే చూపిస్తుంది, చచ్చిన సెన్సరూ సున్నానే చూపిస్తుంది.

ముఖ్యంగా మండే గ్యాసుల సెన్సర్. ఇందులో వేడెక్కిన చిన్న పూస మీద గ్యాస్ కాలుతుంది, ఆ వేడిని పరికరం కొలుస్తుంది. సిలికాన్ స్ప్రేలు, సీలెంట్లు, కొన్ని పాలిష్‌ల ఆవిరి ఆ పూసకు విషం. పైన పొర కట్టాక గ్యాస్ కాలదు, అయినా సున్నా మాత్రం చెక్కుచెదరదు. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ సెన్సర్లకు ముందున్న ఫిల్టర్ బురదతోనో పెయింటుతోనో మూసుకుపోయినా ఇదే తంతు.

టెస్ట్ సిలిండర్‌లో సాధారణంగా మీథేన్ 50 శాతం ఎల్‌ఈఎల్ (అంటే అంటుకోవడానికి కావలసిన కనీస మోతాదులో సగం), ఆక్సిజన్ 18 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 100 పీపీఎం (అంటే పది లక్షల భాగాల్లో 100 భాగాలు), హైడ్రోజన్ సల్ఫైడ్ 25 పీపీఎం ఉంటాయి. క్యాప్ బిగించి, మాన్యువల్‌లో చెప్పిన ఫ్లో రెగ్యులేటర్‌తో గ్యాస్ వదలండి. నాలుగు అలారాలూ మోగాలి. మోగితే సరిపోతుందని ఊరుకోకండి, అంకెలు సిలిండర్ లేబుల్‌కు దగ్గరగా వచ్చాయో లేదో కూడా చూడండి. ఒక్కటి తప్పినా పూర్తి క్యాలిబ్రేషన్ (అంకెలను సిలిండర్ గ్యాస్‌కు సరిచేయడం) చేయాలి. దానికీ లొంగకపోతే సెన్సర్ మార్చాలి.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ఒకటి, గడువు దాటిన సిలిండర్, లేదా చేతికందిన ఏదో ట్యూబు వాడటం. హైడ్రోజన్ సల్ఫైడ్ గొట్టం గోడలకు పట్టేస్తుంది, దాంతో మంచి సెన్సర్ కూడా ఫెయిలైనట్టు కనిపిస్తుంది. రెండోది ఇంకా ప్రమాదం: ఇంజను నడుస్తున్న బండి పక్కన నిలబడి జీరో సెట్ చేయడం. అక్కడి పొగలో 20 పీపీఎం కార్బన్ మోనాక్సైడ్ ఉంటే పరికరం దాన్నే సున్నా అనుకుంటుంది, ఆ తర్వాత కార్బన్ మోనాక్సైడ్ ప్రతి రీడింగూ 20 తక్కువ చూపిస్తుంది.

ప్రశ్న: గోతిలో ఆక్సిజన్ 20.4 ఉంది. అలారం 19.5కి కదా, దిగొచ్చు కదా?

జవాబు: ముందు బయటి గాలిలో 20.9 వస్తోందో లేదో చూడండి. వేడి, తేమ ఎక్కువగా ఉన్నచోట కూడా అంకె కొంచెం దిగుతుంది. బయట 20.9 ఉండి లోపల 20.4 వస్తే మాత్రం దిగకండి, లెక్క వేయండి. గాలిలో ఆక్సిజన్ ఐదో వంతే. అది అర శాతం తగ్గాలంటే దాదాపు 2.4 శాతం గాలిని మరేదో వాయువు నెట్టేసి ఉండాలి, అంటే 24,000 పీపీఎం. హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం దగ్గరే ప్రాణం మీదకు తెస్తుంది. ఆ మోతాదుకు ఆక్సిజన్ అంకె కదలను కూడా కదలదు. కుళ్లు వల్ల కార్బన్ డయాక్సైడ్ చేరిందా, ఎక్కడైనా నైట్రోజన్ లీకవుతోందా, తుప్పు ఆక్సిజన్‌ను తినేసిందా? కారణం తేలాలి. మామూలు నాలుగు గ్యాసుల డిటెక్టర్‌కు కార్బన్ డయాక్సైడ్ కనబడదని గుర్తుంచుకోండి.

ప్రశ్న: నైట్రోజన్‌తో పర్జ్ చేసిన (నైట్రోజన్ పంపి లోపలి వాయువులను వెళ్లగొట్టిన) ట్యాంకులో ఎల్‌ఈఎల్ సున్నా వచ్చింది. మండే గ్యాస్ పోయినట్టేనా?

జవాబు: చెప్పలేం. పూస మీద గ్యాస్ కాలాలంటే ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ సుమారు 10 శాతం కంటే తగ్గితే ఆ సున్నాకు విలువ లేదు. అందుకే ఎప్పుడూ ఆక్సిజన్ అంకె మొదట చదవాలి. ఇలాంటి చోట ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ పనికొస్తుంది, కానీ దానికి హైడ్రోజన్ అస్సలు కనబడదు.

ప్రశ్న: లోతైన గోతిని పైనుంచి ఎలా పరీక్షించాలి?

జవాబు: పంపు ఉన్న డిటెక్టర్, చివర నీటి ఫిల్టర్ ఉన్న గొట్టం వాడండి. మీథేన్ పైకి చేరుతుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ అడుగున ఉంటుంది, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కడైనా ఉండొచ్చు. కాబట్టి సుమారు ప్రతి 1.2 మీటర్లకు ఆగండి. తొందరపడి గొట్టం దించేస్తే చూసేది ఆ లోతు గాలి కాదు, ఇంకా పైన పీల్చిన గాలి. మాన్యువల్‌లో వేరే సమయం చెప్పకపోతే ప్రతి చోటా రెండు నిమిషాలు, దానికి తోడు గొట్టం పొడవును బట్టి మరికొంత సేపు ఆగాలి. పైనుంచి అంతా బాగున్నా, అడుగు బురదను కాలితో కదిపితే అందులోని గ్యాస్ ఒక్కసారిగా బయటికొస్తుంది. కనుక దిగేవాళ్లు కూడా డిటెక్టర్ పెట్టుకునే దిగాలి.

ప్రశ్న: ఎక్కడ తగిలించాలి?

జవాబు: కాలర్ దగ్గర, ముక్కుకు 30 సెంటీమీటర్ల లోపు. జేబులో కాదు, జాకెట్ కింద అసలే కాదు.

ప్రశ్న: బ్యాటరీలు చార్జ్ చేసే గదిలో పొగ లేకపోయినా కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగుతోంది. పరికరం పాడైందా?

జవాబు: బహుశా కాదు. లెడ్ ఆసిడ్ బ్యాటరీలు చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతాయి. చాలా కార్బన్ మోనాక్సైడ్ సెన్సర్లు హైడ్రోజన్‌కూ స్పందిస్తాయి. అలారం ఆపేసి ఊరుకోకుండా గదిలో గాలి ఆడేలా చూడండి. హైడ్రోజన్ 4 శాతానికి చేరితే అంటుకుంటుంది. అక్కడే రోజూ పని ఉంటే, హైడ్రోజన్ ప్రభావాన్ని తగ్గించే కార్బన్ మోనాక్సైడ్ సెన్సర్ పెట్టించుకోండి.